పెద్దింటి మెట్లు

ఆ వేసవి మొదట్లో పెద్దింటి పైకప్పు పెంకులన్నీ దించేశాం. దించిన ప్రతి పెంకునూ తడిగుడ్డతో తుడిచి, వేలి కణుపుతో కొట్టి చూసేవాళ్లు. ఖంగుమంటే ఒక వరసలో, బోలుగా మోగితే ఇంకో వరసలో పెట్టేవాళ్లు. నేను పెరట్లో స్టూలేసుకుని కూర్చుని ఏ వరస ఏ గది మీదిదో రాసుకునేదాన్ని. వానలు మొదలయ్యేలోపు అవన్నీ మళ్లీ పైకెక్కాలి. అప్పటిదాకా ఇల్లు ఆకాశం కేసి నోరు తెరుచుకునే ఉంది. మేడ మీద గదుల్లోకి ఎండ నేరుగా దిగి, ఎన్నేళ్లుగానో చీకట్లో ఉన్న మూలల్ని ఒక్కొక్కటిగా బయటపెట్టేది.

ఆ ఇల్లు రెండు వందల ఏళ్లుగా ఒకే కుటుంబానిది. ఆ ఇంటి కోడలు డాక్టరు. వీధి వైపు గదిలో కూర్చుని నలభై ఏళ్లు రోగుల్ని చూశారు. ఆవిడ పోయాక కూతురు ఆవిడ పేరు మీద ఫౌండేషన్ పెట్టారు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై, పెట్టే బేడా సర్దుకుని ఈ ఇంట్లోనే దిగిపోయారు. ఊరంతా ఆవిడని టీచరమ్మ అనేవాళ్లు. నేను టీచర్ అనేదాన్ని. ఇల్లు బాగుచేసి, లోపలి గదుల్లో ఊరివాళ్లందరూ కూర్చుని చదువుకునేలా చెయ్యాలనీ, వీధి గదిలో మళ్లీ డాక్టరు కూర్చోవాలనీ ఆవిడ పట్టు. "అమ్మ కుర్చీ ఎక్కడుందో, వచ్చే డాక్టరు కుర్చీ కూడా అక్కడే ఉండాలి. ఒక్క జానెడు కూడా జరగడానికి వీల్లేదు," అనేవారు.

నా పని కార్డులు రాయడం. ఇంట్లో ఉన్న ప్రతి తలుపుకీ, కిటికీకీ, దూలానికీ ఒక కార్డు. కార్డు మీద నాలుగు ప్రశ్నలు: ఇదేమిటి, ఎప్పటిది, ఎవరు చేశారు, ఎలా తెలిసింది.

"నాలుగో దానికి జవాబు లేకపోతే రెండుకీ మూడుకీ 'తెలియదు' అని రాయి," అన్నారు మొదటిరోజే.

"అన్నిటికీ అదే రాయాల్సొస్తుందేమో టీచర్."

"రాయి. తెలియదు అని రాయడానికి సిగ్గెందుకు? తెలిసినట్టు రాయడానికి సిగ్గుపడాలి గానీ."

నేను చదువుకున్న ఊరి బడిలో తెలియదంటే గోడకుర్చీ వేయించేవాళ్లు. ఇక్కడ తెలియదని రాస్తే మెచ్చుకోళ్లు. మొదటి నెలలోనే నూట ఇరవై సార్లు రాశాను. ఆ మాట అంత అందంగా రాయడం నాకప్పుడే వచ్చింది.

ఆ ఇంట్లో వడ్రంగం పని మా నాన్నది. నాన్నని అందరూ అరనూలు మేస్త్రీ అంటారు. అంగుళంలో ఎనిమిదో వంతుని మా పనిలో నూలు అంటారు. ఎవరు ఏ చెక్క తెచ్చి చూపించినా, ఒక కన్ను మూసి, "అరనూలు తేడా ఉంది," అనడం నాన్నకి అలవాటు. అది ఎప్పుడూ నిజమే అవుతుంది. అందుకే ఆ పేరుకి నాన్న ఎప్పుడూ కోపం తెచ్చుకోలేదు.

నాన్నకీ టీచర్‌కీ ఒక్క విషయంలోనే పడేది కాదు. పుచ్చిపోయిన దూలం ముక్క కోసి, నాన్న కొత్త ముక్క అతికితే, టీచర్ దాని మీద కాల్చిన ఇనప అచ్చుతో ఆ సంవత్సరం వేయించేవారు. వెతికిన కంటికి కనపడేలా, వెతకని కంటికి అడ్డురాకుండా.

"అమ్మా, ఇదేం న్యాయం," అన్నాడు నాన్న ఒకరోజు, పొగలు కక్కుతున్న అచ్చుని పట్టకారుతో పట్టుకుని. "అతుకు కనపడితే మేస్త్రీని తిట్టాలి. కనపడకపోతే మెచ్చుకోవాలి. మీరేమో కనపడని అతుక్కి బొట్టుపెట్టి మరీ చూపిస్తారు."

"మీ చెయ్యి మంచిది కాబట్టే ఈ తిప్పలు మేస్త్రీగారూ. చెడ్డ చెయ్యి అయితే ముద్ర దేనికి? దానంతట అదే చెప్పుకుంటుంది."

నాన్నకి అది తిట్టో పొగడ్తో తేల్చుకోవడానికి సాయంత్రం దాకా పట్టింది. ఇంటికొచ్చాక అమ్మకి చెప్పి, "పొగిడినట్టే ఉంది కదూ?" అని అడిగాడు.

"నిన్ను పొగిడితే నీకే అనుమానం," అంది అమ్మ.

*

టీచర్ తమ్ముడు వకీలు. ఫౌండేషన్ కాగితాల పనంతా ఆయనే చూసేవారు. వారానికోసారి కారులో వచ్చి, కోటు మీద దుమ్ము పడుతుందని గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడేవారు. వేసవి నడిమధ్యలో ఒకరోజు మాత్రం లోపలికొచ్చి, హాల్లో ఉన్న బల్ల మీద ఒక పటం పరిచారు.

"అక్కా, రోడ్డు వెడల్పు చేస్తారట. గీత ఎక్కడ పడిందో చూడు."

ఎర్ర గీత వీధి గది మధ్యలోంచి పోతోంది. డాక్టరమ్మ కుర్చీ ఉన్న చోటి మీదుగా.

టీచర్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "ఆపలేమా?"

"ఒక దారుంది. పాత కట్టడాల కమిటీ ఇంకో పది రోజుల్లో వస్తోంది. వాళ్లు మనింటిని మొదటి జాబితాలో పెడితే ప్రహరీ గోడని కూడా ఎవరూ ముట్టుకోలేరు. రెండో జాబితాలో పెడితే ఇల్లు ఉంటుంది గానీ, ముందుభాగం పోతుంది." ఆయన జేబులోంచి ఉత్తరం తీశారు. "నువ్వేం భయపడకు. ఏం రాశారో విను. 'ముఖ్యంగా మీ మెట్లు చూడాలని ఉత్సాహపడుతున్నాం.' మెట్లున్నాయి కదా మనకి. ఆ మెట్లే మనల్ని ఒడ్డున పడేస్తాయి."

అందరం తలలు తిప్పి మెట్ల వైపు చూశాం. హాల్లోంచి మేడ మీదికి వంపు తిరిగి ఎక్కే పద్నాలుగు చెక్క మెట్లు. ఒక్కొక్క మెట్టు నడుమ, గిన్నె అడుగులా, నున్నటి చిన్న గుంత. ఆ ఇల్లు కట్టించిన ముత్తాత దగ్గరుండి చేయించినవని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఫౌండేషన్ అచ్చువేసిన పుస్తకంలో మొదటి పేజీ బొమ్మ అదే. దాని కింద వకీలుగారే రాశారు: "రెండు వందల ఏళ్ల పాదాలు అరగదీసిన మెట్లు."

ఆ మెట్ల కార్డు నేను ముందే రాసి ఉంచాను. ఒకటో నంబరు. 'ఎలా తెలిసింది' అన్నచోట 'ఇంట్లోవాళ్లు చెప్పగా' అని రాశాను. తమ్ముడు వెళ్లాక టీచర్ ఆ కార్డు తీయించి చూశారు.

"ఇంట్లోవాళ్లంటే ఎవరు? నేనే. సొంత ఇంటి గొప్ప నేను చెప్తే సాక్ష్యమా? కమిటీ వచ్చేలోపు మెట్ల కిందకి దూరి, ఒక్కొక్క పలకా చూసి రాయి."

దూలం మీద గీత గీస్తున్న నాన్న అటు తిరక్కుండానే, "నేను చూస్తాలెండమ్మా. దానికి దుమ్ము పడదు," అన్నాడు.

నాకు దుమ్ము పడకపోవడమేమిటి? రంపపు పొట్టులో ఆడుకుంటూ పెరిగినదాన్ని. అయినా నాన్న మాటకి అప్పుడు ఎదురు చెప్పలేదు. మూడు రోజులు ఆగాను. నాన్న చూడలేదు. నాలుగోరోజు పొద్దున్న టార్చిలైటు తీసుకుని నేనే దూరాను.

*

మెట్ల కింద వీపు ఆనించి పడుకుంటే, పలకల అడుగుభాగం ముఖానికి మూరెడు దూరంలో ఉంటుంది. ఒకటి, రెండు, మూడు. మేకు ఒక్కటీ లేదు, అన్నీ చెక్క చీలలు. చెక్క పాతదే, చేవ నల్లబడి ఉంది. చెదలు లేవు. ఏడో పలక దగ్గర లైటు ఆపాను. పలకనీ పక్క దిమ్మెనీ కలిపి పట్టుకునే రెండు చీలలకి కాస్త ఎడంగా, ఇంకో చీల ఉంది. దాని వెనక ఏ కీలూ లేదు. అది దేన్నీ పట్టుకోవడం లేదు.

అలాంటి చీల నేను కూర్చుని చదువుకున్న పీట కింద ఉంది. మా ధాన్యం పెట్టె మూత లోపల ఉంది. మా అక్క పెళ్లికి చేసిన మంచానికి, తలవైపు పట్టీ వెనక ఉంది.

నాన్న పన్నెండేళ్లప్పుడు తన మొదటి పీట చేస్తూ, చీల కోసం బెజ్జం తప్పు చోట వేశాడట. తాత తిట్టలేదట. ఆ బెజ్జంలోనే చీల కొట్టి, "ఇది దేన్నీ పట్టుకోదు. కానీ చేసింది నువ్వేనని చెప్తుంది. ఇకమీద ఏం చేసినా ఒకటి కొట్టు, పొగరు తగ్గుతుంది," అన్నాడట. తాతకి అలాంటి చీల లేదు. నాన్న తప్ప దాన్ని కొట్టేవాళ్లు ఈ భూమ్మీద లేరు.

ఆ చీల మీద వేలు పెట్టి చూశాను. పైన ఎవరో మెట్లెక్కి వెళ్లారు. ఒక్క కిర్రుమన్న చప్పుడు కూడా లేదు.

మధ్యాహ్నం నాన్న పెరటి నీడలో కూర్చుని సానరాయి మీద ఉలి పదును పెడుతున్నాడు. పక్కన కూర్చున్నాను.

"నాన్నా, ఏడో మెట్టు కింద చీల ఉంది."

ఉలి ఆగలేదు. "చీలలు చాలా ఉంటాయి."

"దేన్నీ పట్టుకోనిది."

అప్పుడు ఆగింది. నాన్న ఉలి అంచు మీద బొటనవేలు ఆనించి చూశాడు. రాయి మీద ఇంకాసిని నీళ్లు చల్లాడు. తర్వాత, పక్కనున్న కుండతో మాట్లాడుతున్నట్టు, మెల్లగా చెప్పాడు.

ముప్పై ఒక్క ఏళ్ల కిందటి మాట. పాత మెట్లు లోపల్లోపల చెదలు తినేసి, ఒకరోజు నాలుగు పలకలు ఒక్కసారిగా కూలాయి. డాక్టరమ్మ అత్తగారు అప్పటికి ఎనభై దాటిన మనిషి, చూపు దాదాపు లేదు. ఆవిడ కంటి ఆపరేషన్‌కని రెండో కూతురి ఊరు వెళ్లి ఉంది. ఆ మెట్లంటే ఆవిడకి ప్రాణం. పెళ్లికూతురిగా ఎక్కిన మెట్లు. మొగుడి శవం దిగిన మెట్లు. రోజూ పొద్దున్న వాటిని ఒక్కొక్కటీ కాలితో తడుముకుంటూ దిగేది. టీచర్ అప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం, తమ్ముడు హాస్టల్లో చదువు. డాక్టరమ్మ నాన్నని పిలిపించింది. నలభై రోజులు తలుపులు మూసుకుని నాన్న ఒక్కడే పనిచేశాడు. వెనక కూలిన కొట్టం దూలాలు కోసి పలకలు తీశాడు. అందుకే చెక్క పాతది.

"మరి గుంతలు?"

"చెక్కాను."

"గుంతలు కూడానా!"

"పాత పలకలు పక్కన పెట్టుకుని, ఒక్కొక్క దాని లోతూ చూసి చెక్కాను. పెద్దావిడ కాలు గుంత కోసం వెతుక్కుంటుంది కదా. దొరక్కపోతే పడిపోదూ?"

ఆవిడ తిరిగొచ్చిన రోజు నాన్న తలుపు వెనక నిలబడి చూశాడట. రెయిలింగు మీద చెయ్యి వేసి, పద్నాలుగూ ఎక్కి, పైన నిలబడి, "నా ఇల్లు నాకుంది," అందట. ఇంకో ఆరేళ్లు ఆ మెట్ల మీదే తిరిగింది.

"డాక్టరమ్మ ఒకటే అంది. ఎవరికీ చెప్పకు మేస్త్రీ అంది. అత్తగారు ఉన్నన్నాళ్లూ అని గడువేమీ పెట్టలేదు. ఎవరికీ అంది. ఆవిడా పోయింది, ఈవిడా పోయింది. మాట నా దగ్గరే ఉండిపోయింది. ఎవరికని తిరిగిచ్చేది?"

"పుస్తకంలో అచ్చయినప్పుడైనా చెప్పాల్సింది నాన్నా."

"అది చూసి నాకు మూడు రోజులు అన్నం సయించలేదు. మీ అమ్మని అడుగు, వంట బాగాలేదా అని నామీద అరిచింది కూడా."

"ఇప్పుడు నేనేం రాయను?"

నాన్న ఉలి మళ్లీ రాయి మీద పెట్టాడు.

"మాటిచ్చింది నేను. నువ్వు కాదు కదా."

దీపాలు పెట్టే వేళకి ఇంట్లో అమ్మకి నేనే చెప్పాను. అమ్మ చేటలో గింజలు అలాగే వదిలేసి నాన్న కేసి చూసింది.

"నోట్లో నువ్వుగింజ నానదంటారు జనం. ఈ మనిషి నోట్లో పద్నాలుగు మెట్లు ముప్పై ఏళ్లు నానాయి! ఏమయ్యా, ఇంకేమేం ఉన్నాయి లోపల? ఓ మేడా, మిద్దే ఏమైనా ఉన్నాయా?"

నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు. నాకు మాత్రం నిద్రపోయేదాకా ఒకటే గుబులు. కమిటీ రావడానికి ఇంకా ఆరు రోజులే ఉంది. ఎర్ర గీత కుర్చీ మీదుగా పోతోంది. నేనా కార్డు రాస్తే, టీచర్ వాళ్లమ్మ గదిని నా చేత్తో నేను తుడిచేసినట్టే.

*

పొద్దున్నే రాసేశాను. ఎప్పటిది: ముప్పై ఒక్క ఏళ్లు. ఎవరు చేశారు: అరనూలు మేస్త్రీ. ఎలా తెలిసింది: ఏడో పలక కింద ఒంటి చీల వల్ల, ఆయన కూతుర్ని కాబట్టి గుర్తుపట్టాను, అడిగితే ఒప్పుకున్నారు.

టీచర్ కార్డు రెండుసార్లు చదివారు. చీర కుచ్చిళ్లు దోపుకుని, అరవై ఆరేళ్ల మనిషి, నా చేతిలోంచి టార్చి లాక్కుని మెట్ల కిందకి దూరారు. కాళ్లు మాత్రం బయటికి కనపడుతున్నాయి. లోపల లైటు ఒక్కొక్క పలక కిందా ఆగుతూ కదిలింది. తర్వాత ఒక తుమ్ము. తర్వాత నవ్వు.

"ఎన్నిసార్లు ఎక్కాను అమ్మాయీ వీటిని! సెలవలకొచ్చిన ప్రతిసారీ ఎక్కాను. నా కాలికే తెలియలేదు!"

తలనిండా బూజుతో బయటికొచ్చి, నాన్న చెప్పిందంతా నా చేత చెప్పించుకుని, నాన్నని పిలవమన్నారు. నాన్న తువ్వాలు చేతిలో నలుపుకుంటూ వచ్చి నిలబడ్డాడు. నేను కార్డు కేసి చూస్తూ ఉండిపోయాను. ఆవిడ కోప్పడతారనుకున్నాను. పుస్తకంలో అబద్ధం అచ్చయిందని, ఊరికంతా చెప్పుకున్నామని.

"మేస్త్రీగారూ, మా అమ్మకి మీరొక మాటిచ్చారట."

"అవునమ్మా."

"అమ్మ లేదు. ఆవిడ తరఫున నేను అడుగుతున్నాను. ఆ మాట నాకు తిరిగిచ్చేస్తారా?"

నాన్న తల ఊపాడు. ఆ పైన, ఆ ఇంట్లో అన్నేళ్లుగా పనిచేస్తూ ఎప్పుడూ ఆవిడ ముందు కూర్చోని మనిషి, రెండో మెట్టు మీద కూర్చున్నాడు. టీచర్ కూడా మొదటి మెట్టు మీద కూర్చున్నారు. గుంతలో అరచెయ్యి పెట్టి రాశారు.

"ఇందులో మీరు చెక్కిందెంత? ఆ తర్వాత మేం తొక్కి అరగదీసిందెంత?"

నాన్న ఒక కన్ను మూశాడు. మళ్లీ తెరిచాడు. "అది నాకూ తెలియదమ్మా."

"అదీ రాయి అమ్మాయీ," అన్నారు టీచర్. "అరుగుదల ఎంతో తెలియదు అని."

టీచర్ కబురు పంపితే వకీలుగారు ఆ సాయంత్రమే పరిగెత్తుకొచ్చారు. ఈసారి కోటు దుమ్ము సంగతి పట్టించుకోలేదు.

"అక్కా, నిన్ను అబద్ధం చెప్పమనడం లేదు నేను. ఊరుకోమంటున్నాను. ఒక్క కార్డు వారం ఆలస్యమైతే కొంపలు మునగవు."

"వాళ్లొచ్చేది ఆ కార్డు కోసమేరా."

"వాళ్లకి తెలియదు. ఊళ్లో ఎవరికీ తెలియదు. ముప్పై ఐదేళ్లు పిల్లల్ని నోర్మూసుకోమని చెప్పి చెప్పి అలసిపోయావు. నువ్వొక్కరోజు మూసుకోలేవా?"

టీచర్ నవ్వారు. వెంటనే ఆ నవ్వు పోయింది. "అమ్మ గది నీకొక్కడికే కాదురా, నాకూ కావాలి. ఆ కుర్చీ వెనక నిలబడి ఎక్కాలు నేర్చుకున్నాను. కానీ ఈ మెట్లు చేసిన మనిషి పక్క గదిలో చిత్రిక పడుతుంటే, ఇవి ఎవరో చచ్చిపోయినవాళ్లు చేశారని ఆయన ముందు ఎలా చెప్పను? ఆయన వింటూ ఉంటాడు. విని, పొద్దున్నే మళ్లీ నమస్కారమమ్మా అంటాడు."

వకీలుగారు కిటికీలోంచి ఎర్ర గీత పోయే వైపు చూస్తూ నిలబడ్డారు. "అమ్మే దాచింది. అమ్మకంటే నువ్వు గొప్పదానివా?"

"అమ్మ ఒక ముసలామె కాలు తడబడకూడదని దాచింది. మనం దేనికోసం దాస్తాం, చెప్పు."

ఆయన వెళ్తూ వెళ్తూ నా బల్ల దగ్గర ఆగి, "నీ దస్తూరి మరీ ఇంత స్పష్టంగా ఉండకపోతే బాగుండేదమ్మా," అన్నారు.

*

కమిటీ తరఫున ముగ్గురొచ్చారు. వాళ్లలో పెద్దాయన పొడుగ్గా, వంగి, ప్రతిదాన్నీ వాసన చూసేంత దగ్గరగా చూసేవారు. దూలాలు చూశారు, మా ముద్రలు చూసి తల ఊపారు. నా కార్డుల పెట్టె తెరిచి, "ఇన్ని 'తెలియదు'లు నేనెక్కడా చూడలేదు," అన్నారు. అది మెచ్చుకోలే.

మెట్ల దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు మారిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని గుంత చుట్టూ వేలు తిప్పారు.

"చూడండి, ఎడమవైపు లోతు కొంచెం ఎక్కువ. ఇలాంటిది మనిషి చెక్కలేడు. కాలమే చెక్కాలి."

పక్క గదిలో రంపం చప్పుడు ఆగింది. వకీలుగారు బూట్ల కేసి చూసుకుంటున్నారు. నేను టీచర్ ముఖం చూశాను. ఆవిడ ఒక్కసారి, ఒక్క క్షణం, వీధి గది తలుపు వైపు చూశారు.

"ఆ కాలం గారు అదిగో, తలుపు దగ్గర రంపం పట్టుకుని నిలబడ్డారు," అన్నారు. "ముప్పై ఒక్క ఏళ్ల కిందట చేశారు. కార్డు చదవండి."

పెద్దాయన కార్డు చదివారు. నాన్నని చూశారు. మళ్లీ గుంతని చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు ఆయన బూట్లూ మేజోళ్లూ విప్పేసి, వట్టి కాళ్లతో ఆ పద్నాలుగు మెట్లూ ఎక్కి దిగారు. దిగొచ్చి, "ఎడమవైపు ఎందుకు లోతు?" అని అడిగారు.

"పెద్దావిడ దిగేటప్పుడు ఎడమకాలు ఈడ్చేవారండీ. పాత పలకల్లోనే అలా ఉంది. నేను కాస్త పెంచాను."

తర్వాత ముప్పావుగంట నాన్న మాట్లాడాడు. ఏ ఉలితో మొదలుపెట్టాడో, మెరుపు ఎక్కువ కాకుండా చివరికి దేంతో రుద్దాడో, ఎండ ఏ వేళ పడితే తప్పు కనపడుతుందో. పదేళ్లలో మాతో అన్ని మాటలు మాట్లాడి ఉండడు. ఆ ముగ్గురూ నోట్‌బుక్కులు తీసి రాసుకున్నారు. నేను రాసుకోలేదు. నాకు నాన్న ముఖం చూడ్డమే సరిపోయింది.

గేటు దగ్గర పెద్దాయన టీచర్‌తో అన్నారు: "మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదమ్మా."

"అందుకే చెప్పాల్సొచ్చిందండీ."

*

ఉత్తరం పది రోజులకి వచ్చింది. మెట్లు పాతవి కావు కాబట్టి ఇల్లు రెండో జాబితాలో. మెట్ల పనితనం గురించి విడిగా ఒక పేజీ రాశారు, అందులో నాన్నని 'నిపుణుడు' అన్నారు. కానీ ఎర్ర గీత అక్కడే ఉంది.

వకీలుగారే చదివి వినిపించారు. చెప్పానా అని ఒక్క మాట అనలేదు. టీచర్ వీధి గదిలోకి వెళ్లి వాళ్లమ్మ కుర్చీలో కూర్చున్నారు. తలుపు వేసుకోలేదు. రోగులు కూర్చునే బల్ల వైపు చూస్తూ, ఒకవేళ ఎవరైనా వస్తారేమో అన్నట్టు, అలాగే కొంతసేపు కూర్చుని బయటికొచ్చారు. కళ్లు తుడుచుకున్న జాడ ఉంది.

"మేస్త్రీగారూ, ఈ గదిని ముక్క ముక్కా విప్పి, ముప్పై అడుగులు వెనక్కి, ఇంటి పక్క ఖాళీలోకి తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టాలంటే ఎన్నాళ్లు పడుతుంది?"

నాన్న గదిని పైనుంచి కిందికి చూశాడు. "వాన ఎన్నాళ్లిస్తే అన్నాళ్లేనమ్మా."

వాన పదమూడు రోజులిచ్చింది. ప్రతి వాసానికీ, ప్రతి ఇటుక వరసకీ నేను నంబరు వేశాను. విప్పుతుంటే ఊళ్లోవాళ్లు వచ్చి చూసి, చూసి, ఆఖరికి తలో చెయ్యీ వేశారు. చిన్నప్పుడు ఆ గదిలో సూది వేయించుకుని ఏడ్చామని చెప్పుకుంటూ దూలాలు మోశారు. వకీలుగారు కోటు విప్పి చెట్టు కొమ్మకి తగిలించి పెంకులు అందించారు. మూడోరోజుకి ఆయన వేలికణుపులు కూడా పెంకు బోలుదో గట్టిదో చెప్పడం నేర్చుకున్నాయి. టీచర్ రోజంతా ఎండలో నిలబడి, గొంతు పోయేదాకా నంబర్లు పిలిచారు. ఒక్కరోజు కూడా ఆవిడ నోట, ఆ రోజు ఊరుకుని ఉంటే బాగుండేదన్న మాట రాలేదు. ముఖంలో వెతికాను నేను. ముఖంలోనూ లేదు. తప్పు చెప్పడం కంటే ఒక గదిని మొయ్యడమే తేలిక అన్నట్టు పనిచేసే మనిషిని నేను ఆవిడ తర్వాత మళ్లీ చూడలేదు.

పన్నెండో రోజున నాన్న పనిలో పడి మధ్యాహ్నం ఇంటికి రాలేదని, అమ్మే క్యారియరు పట్టుకుని వచ్చింది. ఆ ఇంట్లో ఆమె అడుగుపెట్టడం అదే మొదటిసారి. క్యారియరు నా చేతికిచ్చి, చెప్పులు గుమ్మం బయట విప్పి, ఎవరినీ అడక్కుండా తిన్నగా మెట్ల దగ్గరికి నడిచింది.

రెయిలింగు పట్టుకోలేదు. ఒక్కో గుంతలో పాదం పెట్టి, అది సరిపోయిందా లేదా అన్నట్టు ఆగి, ఆగి ఎక్కింది. నాన్న కింద నిలబడి ఆమె పాదాలే చూస్తున్నాడు. కమిటీ వచ్చినరోజు కూడా నాన్నకి అంత చెమట పట్టలేదు.

అమ్మ దిగొచ్చింది.

"పెద్దావిడ పాదం నా పాదం కంటే చిన్నదా?"

"చిన్నదే. వేళ్లు కూడా పొట్టి."

"అదీ గుర్తుందా నీకు?"

"మరి చేసింది దానికే కదా."

అమ్మ మెట్ల వైపు ఇంకోసారి చూసింది. "బాగున్నాయి," అంది. నాన్న చేసిన వస్తువుని ఆమె ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు. తర్వాత గొంతు పెంచింది. "బాగున్నాయి సరే. ఊరివాళ్ల ముసలమ్మ పడిపోతుందని గుంతలు చెక్కావు. మన గుమ్మం ముందు మెట్టు మూడేళ్లుగా ఊగుతోంది. నీ పెళ్లాం పడితే దెబ్బ తగలదా?"

టీచర్ పక్కకి తిరిగి నవ్వు దాచుకున్నారు. నాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుని మళ్లీ వీధి గది దూలాల దగ్గరికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న నేను పనికి బయల్దేరేసరికి, నాన్న వాకిట్లో చేవ చెక్క పలక ఒకటి పరిచి, అమ్మని దాని మీద నిలబెట్టాడు. ముందు మోకాళ్ల మీద కూర్చుని, సుద్దముక్కతో ఆమె ఎడమపాదం చుట్టూ గీత గీస్తున్నాడు.

"ఇదేం చోద్యమయ్యా, వీధిలో అందరూ చూస్తున్నారు! పొయ్యి మీద పాలు పొంగిపోతాయి!"

"కదలకు. అరనూలు తేడా వస్తుంది."

లోపల పాలు పొంగిన చప్పుడు, మాడిన వాసన వచ్చాయి. అమ్మ కదల్లేదు.